ఉపవాసం శుక్రవారం, ఉదయగిరి కొండ, ఒక సీసా పానకం

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఒక శుక్రవారం ఉదయగిరి దుర్గం ఎక్కి ప్రార్థన చేసి రావడం మా ఆత్మకూరు సంఘం ఆడవాళ్ళకు అలవాటు. దీన్ని మేము కొండ ప్రార్థన అంటాము. నీళ్ళు కూడా ముట్టకుండా ఎక్కాలి, పైన రెండు గంటలు ప్రార్థన చేయాలి, దిగి వచ్చి సాయంత్రం ఆరు గంటలకు ఉపవాసం విడవాలి. ఒకప్పుడు ఇరవై మందిమి వ్యాను మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళం. ఏటా తగ్గుతూ వచ్చి ఈసారి ఇద్దరమే అయ్యాము, నేను, మా వియ్యపురాలు సంతోషమ్మ. ఇలాంటి ప్రయాణం చేయాలనుకునే వాళ్ళు చాలామంది ఉంటారు, దారి, వేళలు, ఖర్చు రాసిపెట్టమని మా మనవరాలు నిస్సీ అడిగింది. అవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. పైన జరిగింది కూడా ఉన్నది ఉన్నట్టే రాయాలి. దానికే పదిహేను రోజులు పట్టింది.

మా సంఘంలో స్త్రీల సమాజానికి నేను కార్యదర్శిని. ముప్ఫై మూడేళ్ళు బడిలో హాజరుపట్టీ రాసిన చేతితోనే పంతొమ్మిదేళ్ళుగా ఉపవాసాల పట్టిక రాస్తున్నాను. పేర్లు నిలువుగా, శుక్రవారాలు అడ్డంగా. ఉపవాసం ఉన్నవాళ్ళకు ఎర్రసిరాతో టిక్కు, తప్పినవాళ్ళకు ఇంటు. నా వరుసలో ఈ పంతొమ్మిదేళ్ళలో ఒక్క ఇంటు కూడా లేదు. సంతోషమ్మ కొడుక్కే నా కూతుర్ని ఇచ్చాను. మనిషి మంచిది, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, కానీ ఏ విషయంలోనూ గట్టిదనం లేదని నా అభిప్రాయంగా ఉండేది. పన్నెండేళ్ళుగా ఆమెకు చక్కెర జబ్బు. ఈ ఏడు అయిదో శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆత్మకూరు బస్టాండు పక్క హోటల్లో ఆమె టీ తాగుతుండగా చూశాను. ఆదివారం సమాజంలో పట్టిక చదివేటప్పుడు అందరి ముందూ ఆమె పేరు దగ్గర ఇంటు పెట్టాను.

"తల తిరిగింది వదినా, అందుకే అరగ్లాసు తాగినా" అంది.

"తల తిరిగితే కూర్చోవాలి, టీ తాగకూడదు" అన్నాను. నలుగురు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, తల మాత్రం ఎత్తలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు చర్చి మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఈసారి కొండకు నేనూ వస్తా. నీళ్ళు గూడా ముట్టను. నువ్వే పక్కనుండి చూసి రాసుకో" అంది. ఆ పంతం నాకు నచ్చింది. ఇన్నాళ్ళకు దారికి వచ్చిందనుకున్నాను.

ఆరో శుక్రవారం పొద్దున అయిదు గంటల యాభై నిమిషాలకు ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఎక్కాము. నేరుగా వెళ్ళే బస్సులు తక్కువ. అది తప్పిపోతే వింజమూరు వెళ్ళి, కలిగిరి మీదుగా వచ్చే నెల్లూరు బస్సు పట్టుకోవచ్చు, ముప్పావుగంట ఎక్కువ పడుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు లేదు, సున్నా అని కొట్టిన కాగితం ఇస్తారు. అది పారేయకండి, మధ్యలో తనిఖీవాళ్ళు ఎక్కితే అడుగుతారు. కండక్టరు మా తెల్లచీరలు చూసి, "ఏందమ్మా, ఇద్దరూ పొద్దున్నే బయల్దేరినారు?" అన్నాడు. కొండ ప్రార్థనకని చెప్పాను. "అయితే నా పేరు గూడా ఒకసారి చెప్పండమ్మా ఆయనకు. రెండేళ్ళుగా ట్రాన్స్‌ఫర్ రాలే" అన్నాడు. సంతోషమ్మ ఆ కుర్రవాడి పేరు, ఊరు, పిల్లలెందరో అన్నీ అడిగి తెలుసుకుంది. ఆ దారిలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. తుమ్మచెట్లు, మిరప కళ్ళాలు, పొగాకు కాల్చే బ్యారన్లు, రోడ్డుకు అడ్డం పడే గొర్రెలమందలు. దుత్తలూరు దాటాక ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే దుర్గం దూరం నుంచే కనిపిస్తుంది.

ఏడు ముప్ఫై అయిదుకు ఉదయగిరిలో దిగాము. ఆ రోజు శ్రీరామనవమి అని నేను లెక్కలో పెట్టుకోలేదు. బస్టాండు ఎదురుగా ఒక కిరాణా అంగడి ముందు తాటాకుల పందిరి వేశారు. అంగడి శెట్టిగారు పెద్ద స్టీలు గంగాళం పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ పానకం పోస్తున్నారు. మా ముందుకు కూడా రెండు గ్లాసులు వచ్చాయి. "తీసుకోండమ్మా, ఎండలో పోవాల గదా" అన్నారాయన.

"మేము క్రైస్తవులమండీ. పైగా ఉపవాసం" అన్నాను.

"పోనీలెమ్మా, మంచినీళ్ళన్నా తాగండి."

"నీళ్ళు కూడా ముట్టము."

ఆయన చేతులు జోడించి, ఆ గ్లాసులు మా వెనక నిలబడిన ఆటో డ్రైవరుకు ఇచ్చారు. ఆ డ్రైవరు పేరు ఖాదర్. రెండూ తాగి మూతి తుడుచుకుని, "మీ ఇద్దరి వంతూ నాకే వచ్చిందమ్మా" అని నవ్వాడు. కొండ కిందిదాకా తీసుకుపోయి, ఒంటిగంట వరకు అక్కడే ఉండి, తిరిగి బస్టాండులో దించడానికి అయిదు వందలు అడిగాడు, నాలుగు వందలకు ఒప్పుకున్నాడు. ఆటోలో కూర్చున్నాక సంతోషమ్మతో, "వాళ్ళ దేవుడికని పెట్టింది మనం ముట్టకూడదు, తెలుసుగా?" అన్నాను. ఆమె పందిరి వైపు చూస్తూ, "తెలుసులే వదినా. బెల్లం వాసన వస్తే ముక్కు మూసుకోలేం గదా" అంది. ఆ మాటకు నాకు కోపం వచ్చింది.

కొండ కిందికి చేరేసరికి ఎనిమిది పది. అక్కడ నేను చేసిన పని ఇది. ప్రతి ఏడూ ఎక్కేముందు అందరి సంచులూ చూసేదాన్ని. తినే వస్తువేదీ పైకి పోకూడదు, ఆకలికి ఆసరా ఉండకూడదు అనేది నేను పెట్టిన నియమం. సంతోషమ్మ సంచీలో ఒక బిస్కెట్ పొట్లం, రెండు గ్లూకోజు పొట్లాలు, నాలుగు వేరుశెనగ బెల్లం అచ్చులు ఉన్నాయి.

"ఇవేమిటి వదినా?" అన్నాను.

"పాప పెట్టింది. హాస్టలుకు పోతా పోతా, నాయనమ్మా, ఇవి సంచీలోంచి తీయమాకు అని మరీ చెప్పింది. ఉండనీ. బరువేం కాదు గదా."

పాప అంటే నిస్సీయే, మా ఇద్దరికీ మనవరాలు. నర్సింగు మూడో సంవత్సరం చదువుతోంది. "తిండి వెంట పెట్టుకుని ఎక్కి ఉపవాసమని దేవుడికి చెబుతావా?" అన్నాను. ఆమె ఒక క్షణం నా మొహంలోకి చూసింది. ఆదివారం నవ్విన ఆ నలుగురూ ఆమెకు గుర్తొచ్చి ఉంటారని ఇప్పుడు అనుకుంటున్నాను. తన చేతులతోనే అన్నీ తీసి ఖాదర్‌కు ఇచ్చింది.

ఖాదర్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "పైన ఏమీ దొరకదమ్మా. మేకలు, రాళ్ళు తప్ప ఏం ఉండదు. ఉంచుకోరాదా?" అన్నాడు.

"నువ్వు ఆటో చూసుకో నాయనా" అన్నాను.

ఎక్కే దారిలో కొంతదూరం రాతిమెట్లు ఉన్నాయి, ఆపైన ఎక్కువభాగం రాళ్ళబాట. టికెట్టు లేదు, కాపలా లేదు. చెప్పులకు గట్టి పట్టీ ఉండాలి. వయసులో ఉన్నవాళ్ళు రెండు మూడు గంటల్లో పైదాకా పోతారు. మేము మొదటి కోటద్వారం దాటి కాస్త పైన, కూలిన గోడ నీడలో ఆగుతాము. అక్కడికి నాకు మామూలుగా గంటన్నర. ఈసారి రెండు గంటలు పట్టింది. సంతోషమ్మ ప్రతి మలుపులోనూ కూర్చుంటూ వచ్చింది. మొదట్లో బాగానే మాట్లాడింది. "మన పాస్టరుగారి చేత ఒకసారి ఎక్కించాల వదినా. అప్పుడు ప్రసంగం చిన్నదవతాది" అంది. నాకూ నవ్వు వచ్చింది, పైకి కనిపించనీయలేదు. ద్వారం దగ్గరికి వచ్చేసరికి ఆమె మాటలు తగ్గాయి. దాహం అయి ఉంటుందనుకున్నాను. నా నాలుక కూడా అంగిట్లో అతుక్కుపోతోంది.

పది ఇరవైకి ప్రార్థన మొదలుపెట్టాము. మొదట నేను చేశాను. సంఘంలో జబ్బుపడిన వాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, వానలు, ఆ కండక్టరు బదిలీ, అన్నీ వరసగా ఇరవై అయిదు నిమిషాలు. చివర్లో, మమ్మల్ని మేము ఉపేక్షించుకుని నీకు అప్పగించుకుంటున్నాము ప్రభువా, అని ముగించాను. ఆ మాట పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నదే. తర్వాత సంతోషమ్మ మొదలుపెట్టింది. రెండు మాటలు సరిగ్గా వచ్చాయి. ఆ తర్వాత "ప్రభువా, ప్రభువా" అని ఒకటే మాట తిరిగి తిరిగి వచ్చింది. గొంతు ముద్దగా అయింది. కళ్ళు తెరిచి చూస్తే ఆమె చేతులు గడగడ వణుకుతున్నాయి. మొహం మీద చెమట ధారలు కడుతోంది, రవిక తడిసిపోయింది.

మా సంఘాల్లో ప్రార్థనలో వణకడం కొత్త సంగతి కాదు. ఆత్మ దిగివచ్చి తాకినప్పుడు కొందరికి అలా అవుతుందని మేము నమ్ముతాము, చూశాము కూడా. నాకు మాత్రం ఎన్నడూ అలా కాలేదు. ఇన్నేళ్ళ ఉపవాసాల్లో ఒక్కసారీ కాలేదు. టీ తాగిన మనిషికి మొదటి కొండ ప్రార్థనలోనే అయిందా అని మనసులో మండింది. నేనేం తక్కువ చేశానని దేవుణ్ణి అడిగాను. ఆ మాట బయటికి రాలేదు గాని ఆ పది నిమిషాలూ నేను చేసిన ప్రార్థన అదే. పైగా నా కర్తవ్యమని, "స్తోత్రం, స్తోత్రం" అని గట్టిగా అంటూ ఆమెను ఇంకా ప్రోత్సహించాను. నా చేతి గడియారంలో పది నిమిషాలు. పది యాభై ఏడుకు ఆమె తల మీద చెయ్యి పెట్టాను.

తల చల్లగా ఉంది. అంత ఎండలో, అంత చెమటలో, కుండ నీళ్ళలో ముంచి తీసినట్టు చల్లగా ఉంది.

"వదినా" అని పిలిచాను. ఆమె కళ్ళు తెరిచింది గాని నన్ను గుర్తుపట్టినట్టు లేదు. "పొద్దున మాత్ర వేసుకున్నావా?" అని భుజం పట్టి ఊపాను. రెండుసార్లు అడిగాక, "ఏసుకున్నా... రోజూ ఏసుకునేదే గదా" అంది, తాగినవాళ్ళ మాటలాగా ఉంది. అప్పుడు నిస్సీ చెప్పింది గుర్తుకొచ్చింది. చక్కెర మాత్ర వేసుకుని తినకపోతే చక్కెర పడిపోతుంది అవ్వా, చెమట, వణుకు, మాట తడబడటం, అప్పటికీ తీపి పెట్టకపోతే స్పృహ పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది, అని సెలవుల్లో ఇంట్లో కూర్చుని వివరంగా చెప్పింది. నేను అప్పుడు పట్టికకు గీతలు గీస్తూ విన్నాను.

ఫోను తీశాను, సిగ్నలు లేదు. గోడ ఎక్కి చెయ్యి పైకెత్తి చూశాను, లేదు. నా సంచీ బోర్లించాను. బైబిలు, కీర్తనల పుస్తకం, చేతిరుమాలు, పట్టిక రాసే నోటుపుస్తకం, ఎర్ర పెన్ను. తినదగిందేదీ లేదు. లేకుండా చూసింది నేనే. నిస్సీ పెట్టిన గ్లూకోజు పొట్లాలు ఖాదర్ ఆటోలో ఉన్నాయి. నేను పరుగెత్తే వయసులో లేను, ఎంత తొందరగా దిగి మళ్ళీ ఎక్కినా రెండు గంటలకు తక్కువ కాదు. ఆమెను వదిలి వెళ్ళడానికీ లేదు, పక్కకు ఒరిగిపోతోంది. గోడకు చేర్చి కూర్చోబెట్టి, నా పైటకొంగుతో తల తుడుస్తూ, "ఎవరైనా ఉన్నారా" అని అరిచాను. బడిలో రెండు వందల మంది పిల్లల మీద అరిచిన గొంతు. ఆ కొండ మీద అది ఎంతో దూరం పోయినట్టు అనిపించలేదు.

నాలుగోసారి అరిచాక పై రాళ్ళలో గంట చప్పుడైంది. మేకలు ముందు దిగాయి. వాటి వెనకాల కర్ర పట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక ఆడమనిషి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు చెంచమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏందమ్మా, అట్ట అరస్తా ఉండావు? పాము గాని కరిచిందా?"

"చక్కెర పడిపోయింది. తీపి ఏదైనా ఉందా నీ దగ్గర? చక్కెర, బెల్లం, ఏదైనా సరే."

చెంచమ్మ భుజాన వేలాడే గుడ్డసంచీలోంచి కూల్‌డ్రింకు సీసా ఒకటి తీసింది. అందులో సగానికి గోధుమరంగు నీళ్ళున్నాయి. "రాములోరి పానకం ఉండాది. తెల్లారి మా ఊరి పందిట్లో పూజయినాక పోసిచ్చినారు" అంది.

నేను చెయ్యి చాచి ఆపేశాను. ఎంతసేపంటే, ఆమె మాట పూర్తయి, సీసా మూత తిప్పి, నా వైపు చాచేంతసేపు. ఎక్కువ కాదు. కానీ ఆ కాస్తసేపూ నేను లెక్క వేశాను. మూడు గంటల ముందు శెట్టిగారికి చెప్పిన మాట, ఆటోలో చెప్పిన మాట, సంఘంలో ఎవరైనా పక్కింటి ప్రసాదం తిన్నారంటే నేను నిలబెట్టి అడిగిన రోజులు.

"ఏందమ్మా చూస్తా ఉండావు?" అంది చెంచమ్మ. మా తెల్లచీరలు, ఒళ్ళో బైబిలు అప్పుడు చూసి, "ఓ, మీరు యేసోళ్ళా" అంది. "నీ ఇష్టం తల్లీ. ఆ యమ్మకు గనక నోరు గిట్టకరుచుకుందంటే ఇంక పాలు పోసినా పోవు. మా ఆయన తమ్ముడు అట్టనే పోయినాడు."

సీసా తీసుకుని సంతోషమ్మ పెదవుల దగ్గర పెట్టాను. బెల్లం, మిరియాల వాసన ఆమెకు తెలిసింది. అంత మగతలోనూ తెలిసింది. పళ్ళు బిగించి మొహం పక్కకు తిప్పింది.

"తాగు వదినా."

"వద్దు."

"నేను చెబుతున్నాను, తాగు."

"వద్దు. మళ్ళా కొట్టేస్తావు" అంది. కళ్ళు మూసుకునే అంది. "అందరి ముందర కొట్టేస్తావు."

నాకు వినిపించినంత స్పష్టంగా చెంచమ్మకూ వినిపించింది. "ఏంది, కొడతావా ఆ యమ్మను?" అని నా వైపు ఒక చూపు చూసింది. ఆమె అన్నది పట్టికలో ఇంటు కొట్టడం గురించి. మళ్ళీ సీసా ఆనించాను, పానకం గడ్డం మీదుగా కారిపోయింది గాని లోపలికి చుక్క పోలేదు. ఎక్కువ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. ఆమె తనంతట తాను తాగితేనే ప్రాణం నిలుస్తుంది. నేను తాగవద్దన్నానని ఆమె తాగడం లేదు. ఆ కొండ మీద ఆమెకు దేవుడి మాట కంటే నా ఎర్ర పెన్ను దగ్గరగా ఉంది.

అప్పుడు నేను ప్రార్థన చేశాను. పొద్దున చేసిన ఇరవై అయిదు నిమిషాల ప్రార్థన కాదు. "తండ్రీ, నావల్ల కావడం లేదు" అన్నాను. అంతే అన్నాను. సమాధానంగా గొంతేమీ వినిపించలేదు, వణుకేమీ రాలేదు. చేతిలో సీసా ఉంది, ఎదురుగా ఆమె ఉంది. చేయవలసింది ఏమిటో తెలుస్తూనే ఉంది, చేయడానికి నాకు మనసు రావడం లేదు.

"వదినా, ఇటు చూడు. కళ్ళు తెరిచి నన్ను చూడు" అన్నాను. గడ్డం పట్టి నా వైపు తిప్పాను. ఆమె సగం కళ్ళు తెరిచింది. ఆమె చూస్తుండగా సీసా ఎత్తి నేను తాగాను. ఒక గుక్క కాదు, గొంతు కదలడం ఆమెకు కనపడేట్టు మూడు గుక్కలు తాగాను. పంతొమ్మిదేళ్ళలో ఉపవాసం మధ్యలో నా నోట్లోకి పోయిన మొదటి పదార్థం అది. "చూశావా? నా ఉపవాసం పోయింది. ఇక పట్టిక లేదు, ఏమీ లేదు. ఇప్పుడు తాగు."

ఆమె నా మూతికి అంటిన తడిని చూస్తూ ఉంది. తర్వాత నోరు తెరిచింది.

సీసా మూతతో కొంచెం కొంచెంగా పోశాము. చెంచమ్మ తల పట్టుకుంది, నేను పోశాను. ఒక మూత, మింగడం, ఇంకో మూత. పదకొండు పదికి మొదలుపెట్టాము. పదకొండు ఇరవై అయిదు వరకు తేడా ఏమీ కనిపించలేదు, ఆ పదిహేను నిమిషాలు నా జీవితంలో ఎంత పొడుగో చెప్పలేను. నా కూతురికి, అల్లుడికి ఏమని ఫోను చేయాలి, నిస్సీకి ఏమని చెప్పాలి అని మాటలు కూర్చుకున్నాను. తీయించింది నేనని చెప్పాలా వద్దా అని కూడా ఆలోచించాను. ఆ సంగతి దాచకుండా ఇక్కడ రాస్తున్నాను. తర్వాత చేతుల వణుకు తగ్గింది. ముప్ఫై అయిదుకు ఆమె సర్దుకుని కూర్చుని, చుట్టూ చూసి, "ఈ మేకలెవురివి?" అంది. నాకు ఏడుపు వచ్చింది. చెంచమ్మ, "నావే. నీకు కావాలంటే ఒకటి తోలకపో" అంది.

పానకంతో పైకి వచ్చిన చక్కెర మళ్ళీ పడిపోతుందని నిస్సీ చెప్పింది గుర్తుంచుకుని, తినడానికి ఏమైనా ఉందా అని అడిగాను. చెంచమ్మ తన మధ్యాహ్నం సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి ఉన్న గిన్నె మూట విప్పి ఇద్దరికీ సగం సగం పెట్టింది. మరి నువ్వేం తింటావని అడిగితే, "నేను రోజూ తినేదే గదా, ఒకపూట లేకపోతే ఏమయితాది" అంది. మేము తింటుంటే కర్ర మీద గడ్డం ఆనించి చూస్తూ, "అయితే పొద్దున్నించి ఏమీ తినకుండా ఇంత దూరం ఎక్కినారా? ఆయనకు కింద నుంచి చెబితే ఇనపడదా?" అని అడిగింది. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. సంతోషమ్మ నా వైపు చూసి, "చెప్పు వదినా, నువ్వు గదా టీచరువి" అంది. ఆమె నవ్వుతోందని అప్పుడు గమనించాను. పోగొట్టుకున్నాననుకున్న నవ్వు అది.

దిగేటప్పుడు ఒకవైపు చెంచమ్మ, ఒకవైపు నేను పట్టుకున్నాము. కోటద్వారం దాకా వచ్చి ఆమె మేకల కోసం వెనక్కి పోయింది. ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. సీసా మాత్రం కడిగిచ్చేయమంది, కడగడానికి నీళ్ళెక్కడివని తనే నవ్వి తీసుకుంది. ద్వారం నుంచి కొంత కిందికి వచ్చేసరికి ఖాదర్ ఎదురొచ్చాడు. ఎగశ్వాసగా ఉన్నాడు, చేతిలో బిస్కెట్ పొట్లం ఉంది. "పన్నెండయినా మీరు కనపడలేదమ్మా. నాకెందుకో మనసు ఒప్పలే. ఇవి పట్టుకుని ఎక్కేసినా" అన్నాడు. పొద్దున నేను కసిరిన మనిషి. రెండు గంటలకు కిందికి చేరాము. అతనే ఉదయగిరి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ నర్సమ్మ వేలు గుచ్చి చూసి, ప్రస్తుతానికి పరవాలేదని చెప్పి, "మాత్ర ఏసుకుని తినకుండా కొండెక్కినారా? ఎవురమ్మా మీకు చెప్పింది?" అని గద్దించింది. "నేనే" అన్నాను. ఆసుపత్రికి తిప్పినందుకు ఖాదర్ పైన నూరు రూపాయలే అడిగాడు. బస్సుకు ఇంకా వేళ ఉంటే బజారులో ఉదయగిరి చెక్క గరిటెలు రెండు కొన్నాము, ఒక్కోటి అరవై. కొండకు కాకపోయినా వాటి కోసమైనా ఈ ఊరు రావచ్చు, పనితనం అంత బాగుంటుంది. నాలుగు ఇరవై బస్సు ఎక్కి చీకటి పడకముందే ఆత్మకూరు చేరాము. రోజంతటికీ ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు ఆరు వందల ఇరవై రూపాయలు.

బస్సులో సంతోషమ్మ బిస్కెట్లు నములుతూ, "ఏం రాస్తావు వదినా మన ఇద్దరికీ?" అని అడిగింది. ఆదివారం సమాజంలో పట్టిక తెరిచి, ఆరో శుక్రవారం కింద నా పేరు దగ్గర నేనే ఇంటు పెట్టాను. ఎందుకు పెట్టానో మొదటి నుంచి చివరిదాకా నిలబడి చెప్పాను, సంచీ సంగతి, స్తోత్రం అని అరిచిన సంగతి కూడా. ఎవరూ నవ్వలేదు. అయిదో శుక్రవారం సంతోషమ్మకు పెట్టిన ఇంటు కొట్టేయబోతే, "ఎందుకులే, టీ తాగిన మాట నిజమే గదా" అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజుతో పట్టిక ఆపేశాను. పూజ చేసిన పానకం తాగడం తప్పా కాదా అని కొందరు పాస్టరుగారిని అడిగారట. నేను అడగలేదు.

మనల్ని మనం ఉపేక్షించుకోవడమంటే ఆకలిని జయించడమని ఎందరికో పాఠం చెప్పాను. నిజానికి ఆకలి నాకెన్నడూ కష్టం కాలేదు. బడి రోజుల నుంచీ నాకు అది అలవాటే. నాకు కష్టమైంది ఇంటు లేని ఆ ఒక్క వరుసను వదులుకోవడం. దేవుడికి అన్నీ అప్పగించాను అని చెబుతూ దాన్ని మాత్రం పంతొమ్మిదేళ్ళు నా దగ్గరే అట్టిపెట్టుకున్నాను. దాని పక్కన ఇంకొకరి ప్రాణం పెట్టి ఏది కావాలని అడిగితే, చెంచమ్మ సీసా మూత తిప్పేంతసేపు నేను ఆలోచించాను. ఆ ఆలోచించిన కాసేపు తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. ఇప్పుడు కూడా శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నాను. ఎన్నో లెక్కపెట్టడం లేదు. సంతోషమ్మ డాక్టరును అడిగి ఆ రోజు పొద్దున రెండిడ్లీలు తిని ప్రార్థనకు వస్తుంది, నా పక్కనే కూర్చుంటుంది.

వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే జాగ్రత్త ఒకటే. కొండ కింద ఆగినప్పుడు పక్కవాళ్ళ సంచీలోంచి ఏమీ తీయించకండి. మీ సంచీలో ఒక బెల్లం ముక్క వేసుకుని ఎక్కండి.